ఎనిమిది ఫర్లాంగులు

చిత్తూరు దాటి గుడిపాల రోడ్డులో
మా ట్రాక్టరు నిలబడి ఇది రెండో రాత్రి.
ముందర ఎన్ని బండ్లుండాయో లెక్కపెట్టేది
నిన్న పొద్దున్నే మానుకున్నా.
ట్రాలీ సందుల్లోంచి తోతాపురి రసం
చుక్కచుక్కా తారు మీదికి.
ఈగలకు మాత్రం ఈసారి సీజను బాగుండాది.

చెంగల్రాయుడు గోనెసంచి పరిచినాడు.
బెంగుళూరు రేసుకోర్సులో పదకొండేండ్లు
గుర్రాలకు మాలీషు చేసిన చేతులు,
పేకముక్కలు కలిపేటప్పుడు కూడా
నిమిరినట్టే ఉంటాది.

ఎనిమిది ముక్కలు బోర్లించి వరసగా పెట్టి
"ఇవి ఫర్లాంగులు" అన్నాడు.
కింద నాలుగు ఆసులు, అవే గుర్రాలు.
కట్టలోంచి ఏ రంగు తిరిగితే
ఆ గుర్రం ఒకడుగు ముందుకు.
నాలుగూ ఒక ఫర్లాంగు దాటినాయంటే
పక్కన బోర్లించిన ముక్క తిప్పాల,
దాంట్లో ఏ రంగుంటే అది ఒకడుగు ఎనక్కి.

"ఎందుకబ్బా ఎనక్కి? అదేం తప్పు చేసింది?"
అన్నాడు క్లీనరు మస్తాను.
"తప్పు చేస్తేనే ఎనక్కి పోతారా?" అని
చెంగల్రాయుడు బీడీ ముట్టించుకున్నాడు.
మొన్న కిలో ఆరు. ఈపొద్దు నాలుగు.
ఎవరం మాట్లాడలే.

కట్టలో కళావరు ఆసు లేదు,
ఏ ఊర్లో ఏ లారీ కింద పడిపోయిందో.
అగ్గిపెట్టె పెడదామని ఒకరు, చెప్పు పెడదామని ఒకరు.
నేను జేబులోంచి టోకెను తీసి పెట్టినా:
రెండునూర్ల పద్నాలుగు,
ఫ్యాక్టరీ రబ్బరుముద్ర, తేదీ,
నా పేరులో ఒక అక్షరం తప్పు.

పందెం కాయలే. దుడ్లు పెడితే కేసు.
ఇస్పేటు మీద దొరసామి ఐదు,
ఆఠీను మీద మస్తాను రెండు, అవీ నా ట్రాలీవే.
టీ కెటిలు కింద పెట్టి పాపమ్మక్క
డైమను మీద ఒకటి, "తియ్యనిదైతేనే" అని.
నా కళావరు మీద నేను మూడు.
టార్చి వేసుకుంటా వచ్చిన కానిస్టేబులు
కాసేపు నిలబడి, గొంతు సవరించుకుని,
"ఇస్పేటు మీద నాదీ ఒకటి రాసుకోండి" అన్నాడు.

డైమను. ఇస్పేటు. ఇస్పేటు.
ఆఠీను, పాపం, కుంటుతా ఉండాది.
కళావరు.
మల్లా కళావరు.
మల్లా.
రెండు దినాలుగా జానెడు కదలని నా నంబరు
గోనెసంచి మీద దౌడు తీస్తా ఉండాది.
చెంగల్రాయుడు నాలికతో గిట్టల చప్పుడు,
టక టక టక టక,
ఎవరూ నవ్వలే.
"రా సామీ, రా" అని అరిచింది నేనేనంట.
ఆరో ఫర్లాంగు.
ఏడు.

అప్పుడు గేటుకాడ ఈల.
"రెండునూర్ల పది నుంచి ఇరవై దాకా, రండి రండి!"
ఇంజన్లన్నీ ఒకేసారి దగ్గినాయి.
నేను వంగి, పరుగులో ఉన్న గుర్రాన్ని
జేబులో పెట్టుకుని పరిగెత్తినా.

వెనకాల రచ్చ.
మధ్యలో లేచిపోయిన గుర్రం
గెలిచినట్టా, ఓడినట్టా?
"ఓడినట్టే" అని దొరసామి.
"ఏడు దాకా ముందరుండేది అదే కదా" అని పాపమ్మక్క.
చెంగల్రాయుడు ఏమన్నాడో
ఇంజను మోతలో నాకు వినపడలే.

కాటాకాడ గుమాస్తా టోకెను అందుకుని
రెండు పక్కలా చూసినాడు.
"ఏందిది, ఇంత మట్టి?"
ఏం చెప్పేది?
దానికింకా ఎగశ్వాస తగ్గలేదని,
ఒక్క ఫర్లాంగే మిగిలిందని?
తల గోక్కున్నా.
బల్ల మీది ఇనుప చువ్వకు
దాన్ని గుచ్చి పెట్టినాడు,
రెండునూర్ల పదమూడు పైన.

తెల్లారి తిరిగొస్తా అక్కడ బండి ఆపినా.
గోనె లేదు, మనుషుల్లేరు.
చీకిన టెంకలు,
బోర్లా పడిన ముక్క ఒకటి.
తిప్పి చూడలే.
దొరసామికి మూడు కాయలు ఇయ్యాలంట.
ట్రాలీ అడుగున తడి తప్ప
ఇంకేమీ లేదు.